ఏడాది వడ్డీ

అకౌంట్స్ సెక్షన్‌లో కొండయ్య సారు
కళ్లద్దాలు పైకి నెట్టి చెప్పినాడు:
"పోయినేడు ఇరవై ఒక్క వేయి.
ఈ యేడు పద్దెనిమిదిన్నరే.
బ్యాంకోళ్లు వడ్డీ తగ్గిచ్చినారమ్మా,
నువ్వు ఆట తగ్గిచ్చినావని కాదు."
నవ్వినాడు. నేనూ నవ్వినా.
సంతకం కింద మాబున్ని అని ఉంటే
ఇంకోసారి చదువుకున్నాడు,
పక్కన కూచిపూడి, రెండో సంవత్సరం అని ఉంటే
అదీ ఇంకోసారి.

దాతకు ఉత్తరం రాయాలంట, రూలు.
మూడు రాసి చించినా.
"పూజ్యులైన" అని మొదలుపెడితే
అది ఎవరిదో గొంతు.
"గజ్జెలు కొన్నాను" అంటే అబద్ధం.
పాతవే, మువ్వలు రాలిన చోట దారం ముడేసుకున్నా.
పదివేలు మెస్సుకు పోయె.
ఆరువేలు మా నాయన పీల్చే మందుకు.
ఎర్రగుంట్లలో ఇరవై రెండేండ్లు
బండలకు పాలీషు పట్టినాడు నాయన.
బండలు నున్నగైనాయి,
ఊపిరి గరుకైంది.
ఇది ఏ వాక్యంలో పెట్టాల?

అందుకని బస్సెక్కినా, ప్రొద్దుటూరికి.

దాత అంటే నేననుకున్నది
పట్టుచీర, శాలువా, గోడనిండా ఫొటోలు.
తలుపు తీసిన వెంకటసుబ్బమ్మ టీచరు చేతిలో
తాళాల గుత్తికి ఈల వేలాడతా ఉంది.
గర్ల్స్ హైస్కూల్లో ముప్పై మూడేండ్లు డ్రిల్లు.
రిటైరైన దినం చేతికొచ్చిన దాంట్లో సగం
మా ఆట పేరు మీద బ్యాంకులో.
ఎందుకు టీచర్ అంటే
"నాకు లెఫ్టు రైటు తప్ప ఇంకేం రానియ్యలేదు" అని
మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

ఉత్తరమేదని అడగలేదు.
"కాళ్లు చూపీ" అనింది.

కింద కూచోని, నా మడమ ఒళ్లో పెట్టుకోని
పగుళ్లు లెక్కబెట్టింది.
మోకాలి చిప్ప పక్కన బొటనవేలు నొక్కింది.
అబ్బా అన్నా.
"యాడ ఆడతారు మీరు?"
"హాల్లో."
"కింద ఏముంది?"
"కడప బండలు, టీచర్."
మా నాయన పట్టిన పాలీషే కావచ్చునది.
చెప్పలేదు.

చానాసేపు మాట్లాడలేదామె.
ఫ్యాను కిర్రుమంటా ఉంది.
"ముప్పైకే కర్ర పట్టుకుంటావే పిల్లా.
చెక్క నేల వేయిస్తే ఎంతైతుంది?
అసలు తీసేస్తే సరిపోతాది.
అసలు పోతే మల్ల వడ్డీ ఉండదు.
నువ్వే చెప్పు,
ఏడాదికొక పిల్ల అన్నమా,
అందరి మోకాళ్లా?"

సెలెక్షన్ కమిటీలో ఇట్లాంటిది అడగలేదు ఎవరూ.
వాళ్లడిగింది నవరసాలు వరసగా చెప్పమని.
నాకు నాయన మందు డబ్బా కనపడింది,
దాని నీలం మూత, పక్కన మాయమ్మ లెక్కబెట్టుకునే రోజులు.
గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగ
పులిసినట్టుంది.

"ఇప్పుడొద్దులే. రాయి. ఈసారి చించకుండా రాయి" అనింది.
చించినానని నేను చెప్పనే లేదు.
"డిపాజిట్టు మార్చి దాకా కదలదు."

తిరుగు బస్సు ఎర్రగుంట్ల మీదుగా పోయింది.
ఫ్యాక్టరీల ముందర బండలు
ఒకదానికొకటి ఆనుకోని, తెల్లటి దుమ్ములో.
మా వీధి మలుపు వచ్చింది. దిగలేదు.
బస్సు రేకు మీద నా కాలు
దానంతటది తకధిమి వేస్తా ఉంటే
పక్కనామె "ఏం పాపా, చలా?" అనింది.
అవునన్నా, ఏప్రిల్ ఎండలో.

ఇప్పుడు రాత్రి పదకొండు.
నాలుగో కాగితం.
"టీచర్‌కు" అని రాసినా.
కింద "నాయన" అని రాసి కొట్టేసినా,
"మోకాలు" అని రాసి కొట్టేసినా.
వరండాలో ఉరవకొండ నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్ల
రేపటి అడుగులు ఒంటరిగా వేసుకుంటా ఉంది,
గజ్జెలు లేకుండా, వార్డెన్ లేస్తుందని.
టప్. టప్.
ఎడమ మడమ కుడిదానికంటే గట్టిగా పడతాంది దానికి.
పొద్దున చెప్పాల.